ఖుబానీ అంటే ఆప్రికాటేనా? ఆ పేరు వెనక, ఆ పండు వెనక ఏముంది?

కృష్ణాతీరం (విజయవాడ):
అందరికీ నమస్కారం. ఒక ఉర్దూ కథను తెలుగులోకి తెస్తున్నాను. కథ జరిగేది పాకిస్తాన్ అధీనంలో ఉన్న ఉత్తరపు కొండల్లో, గిల్గిత్ దగ్గర ఒక ఊళ్లో. అందులో ఖుబానీ లేని పేజీ లేదు. ఏప్రిల్‌లో పూత, వేసవిలో మిద్దెల మీద ఆరబోసిన పండ్లు, అరుగు మీద కూర్చుని రాయితో గింజలు పగలగొట్టే ముసలామె, ఊరు వదిలి వెళ్తున్న కొడుకు సంచిలో తల్లి పెట్టే మూట. నిఘంటువు చూస్తే ఖుబానీకి ఆప్రికాట్ అని ఉంది. అలా రాస్తే తప్పేం లేదు. కానీ ఆప్రికాట్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది డ్రైఫ్రూట్స్ కొట్లో ప్లాస్టిక్ డబ్బా. ఆ ముసలామె గుర్తు రాదు.

ఈ మాట ఉర్దూలో ఎలా పుట్టింది? ఆ కొండల్లో ఈ పండుకు అంత విలువ ఎందుకు? తెలుగులో దీనికి వేరే పేరుందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

పోపులపెట్టె (కరీంనగర్):
మేం ఈ పండును పెళ్లి భోజనాల్లోనే చూశాం. మొన్న ఒక ఫంక్షన్ హాల్లో స్వీట్ గిన్నె ముందు ‘కుర్బానీ కా మీఠా’ అని బోర్డు పెట్టారు. హోటల్ మెనూల్లో కూడా అలాగే చూశాను. ఖుబానీ, కుర్బానీ ఒకటేనా?

షాలిబండ_బేటీ (హైదరాబాద్):
ఒకటి కాదక్కా. కుర్బానీ అంటే త్యాగం, బక్రీద్ నాడు ఇచ్చే బలి. ఖుబానీ పండు. ‘కుర్బానీ కా మీఠా’ అని ఎక్కడ చూసినా నాకు మనసు చివుక్కుమంటుంది.

అయితే ఈ పొరపాటు హైదరాబాద్‌లో ఇంతగా ఎందుకు పాతుకుపోయిందో నాకొకటి తోస్తుంది. ఉత్తరాది ఉర్దూలో గొంతు లోపలి నుంచి పలికే ‘క’ను మేం ‘ఖ’ అంటాం. వాళ్ల కిస్మత్ మా నోట ఖిస్మత్, కలమ్ ఖలమ్, కరీబ్ ఖరీబ్. అలాగే కుర్బానీ మా ఇళ్లలో ఖుర్బానీ. పక్కనుంచి వినేవాళ్లకు ఖుబానీకీ ఖుర్బానీకీ మధ్య ఒక్క ‘ర’ తేడా. కుర్బానీ అందరికీ తెలిసిన మాట, ఖుబానీ చాలామందికి తెలియనిది. బోర్డు రాసేవాళ్లు తెలిసిన మాటే రాసేస్తారు.

ఇక పండు సంగతి. మా ఇళ్లలో ఖుబానీ అంటే శుభకార్యం. పెళ్లిలో, వలీమాలో (పెళ్లి తర్వాత వరుడి ఇంటివాళ్లు ఇచ్చే విందు) బిర్యానీ తర్వాత మీఠా రావాలి. డబుల్ కా మీఠా ఉంటే బాగుందంటారు, ఖుబానీ కా మీఠా ఉంటే ‘మర్యాదలో ఏం తగ్గలేదు’ అంటారు. పండు ఖరీదు ఒక కారణం. రెండోది చాకిరీ. రాత్రంతా నానబెట్టాలి, పొద్దున ఒక్కో పండూ చీల్చి గింజ తీయాలి, గింజ కొట్టి లోపలి పప్పు తీయాలి, ఆ పప్పు పొట్టు వలిచి మళ్లీ మీఠా మీద పరవాలి. పెళ్లింట్లో ఆడవాళ్లంతా ఒకచోట చేరి చేసే పని ఇది. ఇప్పుడు క్యాటరింగ్ వాళ్లు గింజలు పారేసి బజారు బాదంపప్పు చల్లుతున్నారు. దానికి ఆ రుచి రాదు.

కర్నూలు_మాస్టారు:
కృష్ణాతీరం గారూ, ఉర్దూ, ఫార్సీ పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి మాట గురించి నేను చెప్తాను.

ఫార్సీలో ‘ఖూబ్’ అంటే మంచిది, అందమైనది. దాని బహువచనం ‘ఖూబాఁ’. గజళ్లలో అందగత్తెలను, ప్రియతములను ఈ మాటతోనే అంటారు. ఖుబానీ ఆ కుదురులోదే. ఉర్దూ రాతలో ‘ఖ’కు దీర్ఘం ఉంది, ఖూబానీ అని పలకాలి. హిందీలోకి, మన నోటికి వచ్చేసరికి హ్రస్వమైంది. ఉర్దూలో ఇది స్త్రీలింగం. ‘కా మీఠా’లో ‘కా’ వచ్చింది మీఠా వల్ల, ఖుబానీ వల్ల కాదు.

ఇరాన్‌లో ఈ పండును ఖుబానీ అనరు. అక్కడ దీని పేరు జర్దాలూ. జర్ద్ అంటే పసుపు, ఆలూ అంటే ప్లమ్ జాతి పండు. మనకు తెలిసిన ఆలూ బుఖారాలో ఉన్నదీ ఆ ఆలూనే. పీచ్ పండును షఫ్తాలూ అంటారు, అందులోనూ అదే. జర్దాలూ అన్న పేరు మన దేశంలో కూడా తిరిగింది. గుజరాతీలో జర్దాలూ. పార్సీల పెళ్లిళ్లలో మాంసంతో కలిపి వండేదీ జర్దాలూనే. బీహార్‌లో భాగల్పూర్ మామిడి రకానికి జర్దాలూ అని పేరు పెట్టుకున్నారు. తెలుగులో అక్కడక్కడ కనిపించే ‘జల్దారు పండు’ చూడండి, ర-ల తారుమారైన జర్దాలూలాగే ఉంది. ఇంకా పంజాబ్‌లో ఖుర్మానీ, ఉత్తరాఖండ్ కొండల్లో ఖుమానీ.

జర్దాలూ అన్నవాడు చెట్టు మీది పండు రంగు చూసి పేరు పెట్టాడు. ఖుబానీ అన్న పేరులో రంగు లేదు, పులుపూ తీపీ లేవు. ఉన్నదల్లా మెచ్చుకోలు. ఎండి ముడతలు పడ్డాక మూటల్లో బజారుకు దిగిన సరుకుకు అలాంటి పేరే నిలబడుతుందని నా అభిప్రాయం. మైదానాల్లో ఉర్దూ మాట్లాడేవాళ్లలో ఎక్కువమంది ఈ చెట్టును చూడలేదు. పండు ఎండాకే వాళ్ల దగ్గరికి వచ్చింది.

కృష్ణాతీరం:
మాస్టారూ, బేటీ గారూ, చాలా సంతోషం. అయితే నా కథలో మనుషులు చెట్టు కింద పుట్టి చెట్టు కింద పోయేవాళ్లు. వాళ్లకు అది పెళ్లినాటి తీపి కాదనిపిస్తోంది. ఆ వైపు కొండల్లో ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?

శ్రీకాకుళం_జవాన్:
గిల్గిత్ మనం వెళ్లలేం కానీ దానికి ఇవతలి పక్క, కార్గిల్, బటాలిక్ వైపు పని చేశాను. అవతల స్కర్దూలో ఉన్నదీ ఇవతల కార్గిల్‌లో ఉన్నదీ ఒకే రకం జీవితం. 1948 తర్వాత మధ్యలో రెండు దేశాల గీత పడింది, అంతే.

మొదట మాట సంగతి. ఆ ఊళ్లలో ఇంట్లో ఎవరూ ఖుబానీ అనరు. లద్దాఖీలో, బల్తీలో దీన్ని ‘చులీ’ అంటారు. మాతో మాట్లాడేటప్పుడు, లారీ డ్రైవర్లతో బేరం చేసేటప్పుడు ఖుబానీ అంటారు. అంటే అది బయటివాళ్లతో వాడే ఉర్దూ మాట. మీ కథ రాసినవారు ఉర్దూలో రాశారు కాబట్టి ఖుబానీ అని ఉంటుంది, కానీ ఆ తల్లి కొడుకుతో మాట్లాడే భాషలో ఏ పేరు ఉంటుందో ఒకసారి ఆలోచించండి.

ఇక చెట్టు. కార్గిల్ పట్టణం దాదాపు 2,700 మీటర్ల ఎత్తులో ఉంటుంది. చుట్టూ కొండల మీద గడ్డి కూడా మొలవదు. మంచు కరిగిన నీటిని కాలువలు తవ్వి తెచ్చుకున్న చోట మాత్రం పచ్చగా ఉంటుంది, ఆ పచ్చదనంలో ఎక్కువ భాగం ఈ చెట్లే. హర్దాస్, గర్కోన్, దార్చిక్ లాంటి ఊళ్లలో దూరం నుంచి చూస్తే ఇళ్లు కనపడవు, చెట్లే కనపడతాయి. ఏప్రిల్‌లో పూత వస్తుంది. లద్దాఖ్‌లో ఇప్పుడు ‘చులీ మెందోక్’ అని పూతకు పండగ కూడా చేస్తున్నారు. జులై, ఆగస్టుల్లో పండు దిగుతుంది. పచ్చి పండు రెండు మూడు రోజులకు మించి ఆగదు, అప్పట్లో బయటికి పంపే దారీ సరిగా ఉండేది కాదు. అందుకని మిద్దెల మీద, బండల మీద పరిచి ఎండబెడతారు. అక్కడి గాలి ఎంత పొడిగా ఉంటుందంటే పండు కుళ్లే లోపే ఎండిపోతుంది.

ఒక్క పండులో వాళ్లు వదిలేది ఏమీ లేదు. కండ ఎండబెట్టుకుంటారు. గింజ కొట్టి పప్పు తీసి నూనె తీస్తారు. ఆ నూనె వంటకు, చలికి పగిలిన చర్మానికి, దీపానికి. తీపి పప్పు తింటారు, చేదు పప్పు నూనెకు పోతుంది. పెంకులు పొయ్యిలోకి. రోడ్డు మూసుకుపోయే చలికాలం అక్కడ నెలల తరబడి ఉంటుంది. ఇంట్లో ఎండు చులీ ఎంత ఉందో చూసి ఆ కుటుంబం చలికాలం ఎలా గడుస్తుందో లెక్క వేసుకునేవారు.

రకాలు చాలా ఉన్నాయి. హల్మాన్ పేరున్నది. ఇంకొకటి రక్త్సే కార్పో, అంటే తెల్ల గింజది. దాని గింజ నిజంగానే తెల్లగా ఉంటుంది, పండు చాలా తీపి. 2022లో దానికి జీఐ (ఫలానా ప్రాంతపు సరుకు అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చింది, లద్దాఖ్‌కు అదే మొదటి జీఐ.

మీ కథలో తల్లి ఇచ్చే మూట గురించి నాదొక్క మాట. ఆమె దాన్ని మిఠాయిగా ఇవ్వడం లేదు. దారిలో ఆకలేస్తే తినమని ఇస్తోంది.

కృష్ణాతీరం:
జవాన్ సార్, ఆ చివరి మాటకు చేతులెత్తి దండం. ఆ వాక్యాన్ని ‘తీపి గుర్తు’ అని అనువదించి ఉంచాను. ఈ రోజే మారుస్తాను.

తోటమాలి (మదనపల్లె):
మన దగ్గర ఎందుకు పండదని ఎవరైనా అడుగుతారేమోనని ముందే చెప్తున్నా. ఈ చెట్టుకు చలికాలం నిద్ర కావాలి. సుమారు 7 డిగ్రీల కంటే తక్కువ చలి కొన్ని వందల గంటలు తగిలితేనే మొగ్గలు సరిగా విచ్చుకుంటాయి. రకాన్ని బట్టి ఆ గంటలు మారతాయి. లంబసింగిలో నాలుగు రాత్రులు మంచు పడితే సరిపోదు. మా మదనపల్లె చల్లగా ఉంటుందని పేరే కానీ ఈ చెట్టుకు అది ఎండాకాలం కిందే లెక్క.

ఇంకో ఇబ్బంది, ఇది చాలా తొందరగా పూస్తుంది. పూత మీద ఒక్క రాత్రి గడ్డకట్టే చలి పడితే ఆ ఏడు పంట పోయినట్టే. కాబట్టి చలి ఉన్న చోటల్లా కూడా పండదు. చలి గట్టిగా ఉండి, సమయానికి తగ్గాలి, ఆ తర్వాత వానలు పడకూడదు. ఇవన్నీ కుదిరే లోయలు కొన్నే. మన దేశంలో లద్దాఖ్, కాశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్. హిమాచల్ కిన్నౌర్ వైపు అడవి రకాన్ని ‘చుల్లీ’ అంటారు, దాని గింజల నూనెకు కూడా జీఐ ఉంది. చులీ, చుల్లీ ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి.

కువైట్_కడప:
ఇక్కడ అరబ్బులు దీన్ని ‘మిష్మిష్’ అంటారు. రంజాన్ నెల వస్తే ప్రతి షాపులో నారింజ రంగు కాగితంలో చుట్టిన పలకలు గుట్టలుగా పెడతారు. పేరు ఖమరుద్దీన్. పండు గుజ్జును పలచగా పరిచి ఎండబెట్టిన షీటు అది, మన మామిడి తాండ్ర లాంటిదే. డమాస్కస్‌ది అసలు సరుకు అంటారు. దాన్ని నీళ్లలో నానబెట్టి కరిగించి ఇఫ్తార్‌లో తాగుతారు. నేను పని చేసే ఇంట్లో పెద్దావిడ మిక్సీ వెయ్యనివ్వదు, నిదానంగా దానంతట అదే కరగాలంటుంది. రోజంతా నీళ్లు ముట్టనివాళ్లకు ఆ పులుపు తీపి ఎంత హాయిగా ఉంటుందో పక్కన ఉండి చూస్తే తెలుస్తుంది.

ఈజిప్టు వాళ్ల దగ్గర ఒక సామెత విన్నాను. ‘బుక్రా ఫిల్ మిష్మిష్’. రేపు, మిష్మిష్ కాలంలో, అని అర్థం. జీతం పెంచుతారా అని అడిగితే మా ఈజిప్టు డ్రైవర్ ఇదే అంటాడు. జరగదు అని చెప్పడం అది, మనం ‘ఆ, అయినట్టేలే’ అంటామే, అలా. ఎందుకు మిష్మిష్ అని అడిగాను. ఆ పండు కాలం చాలా చిన్నది, వచ్చిందనుకునేలోపు అయిపోతుంది, దాన్ని నమ్ముకుని మాట ఇచ్చేవాడిని నమ్మొద్దు అని చెప్పాడు.

కర్నూలు_మాస్టారు:
కడప వారి సామెత చాలా బాగుంది. తుర్కీ భాషలో దీనికి ఎదురు సామెత ఉంది. ఏదైనా చాలా బాగుంటే ‘దీనికంటే మంచిది డమాస్కస్ కైసీ ఒక్కటే’ అంటారు. కైసీ అంటే ఈ పండే. కైరోలో నమ్మకూడని మాటకు, ఇస్తాంబుల్‌లో మించలేని మంచికి ఒకే పండు నిలబడింది.

బాబర్ తన ఆత్మకథలో మధ్య ఆసియాలోని తన సొంతగడ్డ ఫర్గానా లోయ గురించి రాస్తూ మర్గిలాన్ ఊరి దానిమ్మలను, జర్దాలూలను పొగుడుతాడు. అక్కడివాళ్లు జర్దాలూలో గింజ తీసేసి లోపల బాదంపప్పు పెట్టి ఎండబెడతారని, దాన్ని ‘సుబ్హానీ’ అంటారని, చాలా రుచిగా ఉంటుందని రాశాడు. పేరు దగ్గరగా వినిపిస్తోందని ఖుబానీని దీనితో ముడిపెట్టను. కానీ పండు మీద పప్పు పరిచే బేటీ గారి ఇంటి పద్ధతి చదివినప్పుడు నాకు ఆ వాక్యాలే గుర్తొచ్చాయి. రాజ్యం పోగొట్టుకుని తిరిగినవాడు తన ఊరి పండ్లను పేరుపేరునా రాసుకున్నాడంటే ఆ పండ్లకు ఎంత విలువ ఇచ్చాడో తెలుస్తుంది.

ఇంగ్లీషు మాట సంగతి కూడా చెప్తాను. ఆప్రికాట్ అన్నది లాటిన్‌లో ‘ముందుగా పండేది’ అనే మాట. అది గ్రీకు మీదుగా అరబ్బీలోకి వెళ్లి ‘అల్ బర్కూక్’ అయింది. అరబ్బుల నుంచి స్పెయిన్, పోర్చుగల్ మీదుగా యూరప్‌కు తిరిగి వచ్చింది. ఇప్పుడు అరబ్బీలో చాలాచోట్ల బర్కూక్ అంటే ప్లమ్. పండు చేతులు మారింది, పేరు కూడా చేతులు మారింది.

నిత్యయోగా (గుంటూరు):
హుంజా అనే చోట అందరూ వందేళ్లు పైన బతుకుతారని, ఈ పండు గింజలే దానికి కారణమని, ఆ గింజల్లో బి17 విటమిన్ ఉండి క్యాన్సర్ రాకుండా చూస్తుందని మా గ్రూపులో వచ్చింది. హుంజా కూడా గిల్గిత్ వైపే కదా? మా అత్తగారికి ఇద్దామని గింజలు ఆన్‌లైన్‌లో చూస్తున్నాను. ఎన్ని ఇవ్వొచ్చు?

మందుల_షాపు (రాజమండ్రి):
అమ్మా, దయచేసి ఇవ్వకండి. నేను ఫార్మసిస్టును. ఈ విషయంలో సరదాకు కూడా మాట జారను.

చేదు గింజల్లో అమిగ్డలిన్ అనే పదార్థం ఉంటుంది. అది కడుపులోకి వెళ్లాక సైనైడ్ విడుదలవుతుంది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2016లో లెక్క కట్టి చెప్పింది: పెద్దవాళ్లు ఒకేసారి మూడు చిన్న పచ్చి గింజల కంటే ఎక్కువ తింటే హద్దు దాటినట్టే. పసిపిల్లలకు ఒక్క చిన్న గింజ చాలు. బి17 అనేది విటమిన్ కానే కాదు, అమ్మకం కోసం పెట్టిన పేరు. అమిగ్డలిన్ నుంచి తయారుచేసిన మందును అమెరికాలో మేయో క్లినిక్ తదితర చోట్ల 178 మంది క్యాన్సర్ రోగులకు ఇచ్చి చూశారు, 1982లో ఫలితాలు వచ్చాయి. జబ్బు తగ్గలేదు, కొందరిలో సైనైడ్ విష లక్షణాలు కనిపించాయి. మీ అత్తగారికి జబ్బు ఉంటే డాక్టర్ దగ్గరే ఉండనివ్వండి.

హుంజా గురించి కూడా చెప్పాలి. అక్కడ పాతకాలంలో పుట్టిన తేదీలు రాసిపెట్టినవాళ్లు లేరు. వయసు అంటే గౌరవం, పెద్దమనిషికి ఎక్కువ ఏళ్లు చెప్పడం మర్యాద. 1940ల నుంచి బయటివాళ్లు అదంతా నిజమని పుస్తకాలు రాశారు. అసలు సంగతి ఏమిటంటే అక్కడ పాత ధాన్యం అయిపోయి కొత్త బార్లీ ఇంకా చేతికి రాని వసంతకాలంలో ఆకలి రోజులు ఉండేవి. అప్పుడు ఎండు పండ్లే కడుపు నింపేవి. ఎండు పండును అక్కడ ‘బటేరింగ్’ అంటారు, దానితో సూప్ కాస్తారు, నానబెట్టిన నీళ్లను ‘చమూస్’ అని తాగుతారు. కరువు రోజుల తిండిని తీసుకెళ్లి అమృతం అని అమ్ముకోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

వైద్యానికీ ఈ పండుకూ నిజమైన అనుబంధం ఒకటి చైనాలో ఉంది. మూడో శతాబ్దం నాటి దోంగ్ ఫెంగ్ అనే వైద్యుడు డబ్బు పుచ్చుకునేవాడు కాదట. జబ్బు పెద్దదైతే ఐదు చెట్లు, చిన్నదైతే ఒక చెట్టు నాటమనేవాడట. అది తోపు అయింది. ఇవాళ్టికీ చైనీస్‌లో ‘ఆప్రికాట్ తోపు’ అంటే వైద్య వృత్తి.

నిత్యయోగా:
అమ్మో. ఆర్డర్ క్యాన్సిల్ చేశాను. గ్రూపులో మీరు రాసింది పెడుతున్నాను అండీ.

శ్రుతి_లయ (చెన్నై):
ఆర్మేనియా పేరు ఎవరూ ఎత్తలేదు. పండు శాస్త్రీయ నామం ప్రూనస్ ఆర్మేనియాకా. రోమన్లు దీన్ని ఆర్మేనియా ఆపిల్ అనుకున్నారు, 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ ఆ పేరే ఖాయం చేశాడు. పండు పుట్టుక మధ్య ఆసియా, చైనా వైపు అంటున్నా ఆర్మేనియన్లకు ఇది తమ పండే. అక్కడ దీన్ని ‘సిరాన్’ అంటారు. వాళ్ల దుదుక్ వాద్యాన్ని ఈ చెట్టు కలపతోనే చేస్తారు, దానికి ఇంకో పేరు సిరానపోగ్, సిరాన్ కర్ర పిల్లనగ్రోవి. 2005లో యునెస్కో దుదుక్ సంగీతాన్ని గుర్తించింది. నేను నాదస్వరం విని పెరిగినదాన్ని, ఊది వాయించే ఏ వాద్యమైనా ఇష్టమే, కానీ దుదుక్ గొంతులో ఉండే దుఃఖం ఇంకెక్కడా వినలేదు.

సన్నీవేల్_తెలుగు:
మేం ఉండే చోటు ఒకప్పుడు అంతా ఈ తోటలే. ఇప్పుడు సిలికాన్ వ్యాలీ అంటున్న శాంతా క్లారా లోయలో కంప్యూటర్ చిప్స్ రాకముందు ఆప్రికాట్లు, ప్రూన్లు పండేవి, ఎండబెట్టి, డబ్బాల్లో నింపి దేశమంతా పంపేవారు. సన్నీవేల్ కమ్యూనిటీ సెంటర్ పక్కన ఒక చిన్న తోటను గుర్తుగా ఉంచారు. అందులో ఉన్నది బ్లెన్‌హైమ్ రకం. చూడటానికి మామూలుగా ఉంటుంది, రుచి మాత్రం చెప్పలేం. వేసవి మొదట్లో కొన్ని వారాలే దొరుకుతుంది. మెత్తటిది కాబట్టి దూరం పంపలేరు, సూపర్‌మార్కెట్‌కు పనికిరాదు.

ఇక్కడ మన పిల్లలకు ఆప్రికాట్ తెలుసు, ఖుబానీ తెలియదు. హైదరాబాద్ నుంచి అత్తయ్య వచ్చి మీఠా చేస్తే రెండూ ఒకటే పండని వాళ్లు నమ్మలేదు. చెట్టు దగ్గరికి తీసుకెళ్లి చూపించాం.

కృష్ణాతీరం:
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఒక నిర్ణయానికి వచ్చాను. కథంతా ‘ఖుబానీ’ అనే ఉంచుతాను. ఆప్రికాట్ ఎక్కడా రాయను. తెలుగువాళ్లకు, అందులోనూ తెలంగాణ వాళ్లకు ఖుబానీ పూర్తిగా కొత్త మాట కాదు. తల్లీకొడుకుల సంభాషణలో కూడా కథకుడు ఖుబానీయే వాడారు, కాబట్టి నేను చులీ అని మార్చను. మార్చితే అది నా కథ అవుతుంది. ‘జల్దారు’ వాడదామా అని ఒక రోజంతా ఆలోచించాను. తెలుగు మాటలాగే ఉంది.

షాలిబండ_బేటీ:
జల్దారు వద్దండీ. ఎవరి నోటా లేని మాట పెడితే పాఠకులు నిఘంటువు దగ్గరికే వెళ్తారు. ఖుబానీ అయితే సగం మంది నోట్లో రుచి ఉంది.

కర్నూలు_మాస్టారు:
నేనైతే జల్దారు వాడతాను. వాడకపోతే అది ఎప్పటికీ ఎవరి నోటికీ రాదు కదా. కానీ ఈ కథకు ఖుబానీయే సరైనదని ఒప్పుకుంటాను. మొదటిసారి వచ్చినచోట చెట్టును చూపించండి, పూత రంగు, ఆకు ఆకారం. ఫుట్‌నోట్ పెట్టకండి.

పోపులపెట్టె:
ఇంత చదివాక ఇంట్లో చేయకుండా ఎలా? బజార్లో మూడు రకాలు చూపించారు. మెత్తగా ఆరెంజ్ రంగులో గింజ లేనివి, గోధుమ రంగులో గింజ లేనివి, చిన్నగా గట్టిగా గింజతో ఉన్నవి. ఏవి తేవాలి?

షాలిబండ_బేటీ:
చిన్నవి, గట్టివి, గింజతో ఉన్నవే అక్కా. బేగం బజార్‌లో మేం అవే అడుగుతాం. మెరిసే ఆరెంజ్ రంగువి ఎక్కువగా తుర్కీ నుంచి వస్తాయి, రంగు నిలవడానికి గంధకం పొగ పెడతారు. ఆయాసం ఉన్నవాళ్లకు అవి పడకపోవచ్చు. పొగ పెట్టనివి గోధుమ రంగులో ఉంటాయి. ఆ రెండూ ఉత్తగా తినడానికి బాగుంటాయి, మీఠాకు పులుపు ఎక్కువైపోతుంది, పైగా పప్పు ఉండదు.

అరకిలో కడిగి, మునిగేదాకా నీళ్లు పోసి రాత్రంతా ఉంచండి. ఆ నీళ్లు పారబోయొద్దు, రుచంతా అందులోకి దిగుతుంది. గింజలు తీసి పండ్లను ఆ నీళ్లలోనే సన్నని సెగ మీద ఉడికించండి. మెత్తబడ్డాకే చక్కెర వేయాలి, ముందే వేస్తే పండు గట్టిపడుతుంది. చక్కెర పావుకిలో కంటే తక్కువతో మొదలుపెట్టి రుచి చూసుకుంటూ వేయండి, పండు తీపి ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. గరిటెతో కొంచెం మెదపండి, పూర్తిగా గుజ్జు చేయకండి. కార్న్‌ఫ్లోర్ అవసరం లేదు, దానంతట అదే చిక్కబడుతుంది. పైన మలాయ్ వేసుకోండి.

గింజలు కొట్టినప్పుడు ప్రతి పప్పునూ చివర కొంచెం కొరికి చూడండి. తియ్యగా ఉంటే వేడినీళ్లలో వేసి పొట్టు తీసి పైన చల్లండి. చేదు తగిలితే ఉమ్మేసి ఆ పప్పు పారేయండి. మందుల షాపు గారు చెప్పింది మా ఇళ్లలో అమ్మమ్మలు కూడా చెప్పేవారు, సైనైడ్ అన్న పేరు తెలియకపోయినా.

మందుల_షాపు:
సరిగ్గా చెప్పారు. పిల్లల చేతికి మాత్రం పప్పు ఇవ్వకండి, తియ్యటిదైనా సరే. మీఠా ఎంతైనా పెట్టండి.